మాట్లాడని పలకరింపు

"ఆ దండ ఇలా తే!" అన్నాడు దీపక్, కుర్చీ ఎక్కుతూ.

"ఏ దండ?"

"వెంకన్న పటానికుందే, ఆ ప్లాస్టిక్‌ది. తొందరగా తే. మా బాసు ఎజ్రా సార్ యూ టీ మెట్రో స్టేషన్లో దిగి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో ఇక్కడుంటాడు."

త్రివేణి కదల్లేదు. భర్త గోడకు తగిలిస్తున్నది మామగారు వెంకటసుబ్బయ్య ఫొటో. ఆయన ఒంగోల్లో నిక్షేపంలా ఉన్నారు. మొన్న ఆదివారం ఫోన్లో, ఉసిరికాయ పచ్చడి పంపించనా అమ్మా అని కూడా అడిగారు.

"ఛీ! బతికున్న మనిషి ఫొటోకి దండా? అసలు చేతులెలా వస్తున్నాయండీ మీకు?"

"ఒక్క గంటే కదే. ఆయన పోగానే తీసేస్తాను."

సింగపూర్‌లో కంప్యూటరు వచ్చిన ప్రతివాడికీ పక్క కంపెనీ పిలుపు అందుతున్న రోజులవి. ఇంటర్వ్యూల కోసం దీపక్‌కి వారం సెలవు కావలసివచ్చింది. జ్వరమంటే డాక్టరు చీటీ అడుగుతారు. అందుకని మా నాన్న పోయారని ఆఫీసుకి మెయిల్ కొట్టేశాడు, మహానుభావుడు. విమానం టికెట్లు దొరకలేదనీ, తమ్ముడే కర్మ చేస్తున్నాడనీ మర్నాడు ఇంకోటి కొట్టాడు. కొత్త ఉద్యోగం కాగితం ఇంకా చేతికి రాలేదు. ఈలోగా సంగతి బయటపడితే ఉన్న ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఈ దేశంలో ఉండనిచ్చే పాసూ పోతుంది. మూటాముల్లె సర్దుకోవలసిందే.

"రైల్లో హాఫ్ టికెట్ కోసం మీ వయసు ఒక్క ఏడాది తగ్గించి చెప్పమన్నందుకు అత్తయ్యగారితో రెండ్రోజులు మాట్లాడలేదట ఆయన. అలాంటాయనకి పుట్టారండీ మీరు!"

"లెక్చర్ తర్వాత. ముందు ఆ స్టౌ ఆపు, కోడికూర వాసన వరండాదాకా కొడుతోంది."

టై విప్పి సోఫా కిందకు తోశాడు. జుట్టు చెరుపుకున్నాడు. పొద్దున ఇంటర్వ్యూకని నున్నగా గీసుకున్న గడ్డాన్ని మాత్రం ఏమీ చేయలేకపోయాడు. చివరికి కళ్ల కింద తలనొప్పి బామ్ రాసుకున్నాడు. నీళ్లు బొటబొటా కారాయి.

ఎజ్రా డెబ్బై దాటిన యూదుడు, కంపెనీ ఆయనదే. తాతల కాలంలోనే బాగ్దాద్ నుంచి సింగపూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. చేతిలో టిఫిన్ క్యారియర్‌తో లోపలికి వచ్చాడు. దండ వేసిన ఫొటోని చాలాసేపు చూశాడు. సోఫా చూపిస్తే వద్దని తల అడ్డంగా ఊపి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేలమీద కూర్చున్నాడు.

"అయ్యో, కింద ఎందుకు సార్!"

"ఫర్వాలేదు లా," అన్నాడు సింగపూర్ యాసలో. "పూర్వం మావాళ్లు ఇంట్లో మనిషి పోతే బట్ట చింపుకుని, గోనె కట్టుకుని, నెత్తిన బూడిద పోసుకుని నేలమీదే కూర్చునేవాళ్లు. గోనె, బూడిద పోయాయి. నేల మిగిలింది." క్యారియర్ ముందుకు జరిపాడు. "మొదటి ముద్ద ఇరుగుపొరుగే తేవాలి. ఉడికించిన గుడ్లు, పప్పు. పప్పుగింజకి నోరుండదు చూడు. దుఃఖంలో ఉన్నవాడికీ ఉండదంటారు. అందుకే పలకరించడానికి వచ్చినవాడు ముందుగా మాట్లాడకూడదు. నువ్వు నోరు విప్పేదాకా నేను కాచుకుంటాను."

అంతే, మరి మాట్లాడలేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. ముసలాయన కళ్లు దీపక్ ముఖం మీదే ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. దీపక్ ముక్కు ఎగబీల్చాడు, దగ్గాడు, కాళ్లు మార్చి కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక మొదలుపెట్టాడు.

"నిద్రలోనే పోయారు సార్. ఆఖరి నిమిషంలో నా పేరే కలవరించారట. పెద్దోణ్ణి పిలవండి, పెద్దోణ్ణి పిలవండి అని..."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ త్రివేణికి ఒళ్లంతా చీదరెత్తింది. ఎంత సులువుగా వస్తున్నాయి మాటలు! ఈ మనిషితోనా తను నాలుగేళ్లుగా కాపురం చేస్తున్నది?

"ఎలాంటి మనిషి మీ నాన్న?" అడిగాడు ఎజ్రా.

"దేవుడు సార్. ప్రాణం పోయినా అబద్ధం ఆడేవారు కాదు."

ఇక ఆమె వల్ల కాలేదు. విసురుగా వచ్చి ఫొటో మీది దండ లాగేసింది. గోడకున్న మేకు కూడా ఫొటోతో సహా ఊడి కిందపడింది.

"సార్, మా మామయ్యగారు పోలేదు!"

దీపక్ ఒక్క అంగలో లేచి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"మూడ్రోజుల్నుంచీ ఇదే వరస సార్. మామగారంటే ప్రాణం దీనికి. పోయారంటే నమ్మలేకపోతోంది పిచ్చిది."

త్రివేణి అతని చేతులు విదిలించి కొట్టింది. ఛీ, ఇంత నీచమా అనుకుంది. ఎజ్రా ఆమె వంక చూసి, తెలుసమ్మా అన్నట్టు తలూపాడు. గోడ పట్టుకుని లేచి, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కున్నాడు.

"ఇంకేమైనా చెప్పాలనుందా దీపక్? ఎంతసేపైనా ఉంటాను."

"ఏముంది సార్ చెప్పడానికి. మీరొచ్చారు, అదే చాలు."

ఎజ్రా నిట్టూర్చాడు. లిఫ్ట్ మీట నొక్కి వెనక్కి తిరిగాడు.

"ఆఫీసు కాగితాల్లో మీ ఒంగోలు ఇంటి నంబరుంటే నిన్న ఫోన్ చేశాను. మీవాళ్లని కూడా పలకరించాలి కదా."

దీపక్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరు... మా తమ్ముడా సార్ మాట్లాడింది?"

"కాదు. నువ్వు చెప్పింది నిజమేనా అని అడిగాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత, నిజమే సార్, వాడి ఉద్యోగం తీసేయకండి అన్నారు."

"ఎవరు సార్?"

"మీ నాన్నగారు."