పాట మోగిన చోటల్లా పెళ్ళే

నరీన్ ప్రాంతం కొండల్లో ఒక పెళ్ళి వీడియో తీసి తెల్లారి తిరిగిరావాలి. చీకటి పడేసరికి దారి రెండుగా చీలింది.

"ఎవర్నైనా అడుగుదామా అన్నా?" అన్నాను.

మా స్టూడియో ఓనరు ఎల్దియార్‌కి రోషం వచ్చింది. "నేను ఆర్టిస్టునిరా! పాట ఎక్కడ మోగుతుంటే పెళ్ళి అక్కడే. పోనీ బండి."

పాట వినపడిన ఇంటి ముందు దిగగానే పులిసిన గుర్రప్పాలు, కుమీస్ గిన్నెలు చేతికిచ్చారు. పెద్ద అతిథికి చేసే మర్యాదగా గొర్రె తలకాయ ఎల్దియార్ ముందే పెట్టారు. పెద్దలు దీవిస్తుంటే తీశాం, కుర్రాళ్ళు ఎగురుతుంటే మేమూ ఎగిరాం. ఇంత సుఖమైన డ్యూటీ నేనెన్నడూ ఎరగను.

పొద్దున్న పెళ్ళికొడుకు తండ్రి మెల్లగా అడిగాడు. "ఇంతకీ మిమ్మల్ని పిలిచిందెవరు బాబూ? ఆడపెళ్ళివారా?"

ఆర్టిస్టు మొహం పాలిపోయింది. మమ్మల్ని పిలిచింది పక్క ఊరి పెళ్ళివారు! ఇక స్టూడియో మూసుకోవడమే అనుకున్నాను. ఎల్దియార్ వాళ్ళకి ఫోన్ చేశాడు.

"క్షమించండి పెద్దాయనా, దారి తప్పి పక్క ఊరి పెళ్ళి తీశాం."

"రాకపోవడమే మేలైంది నాయనా. పెళ్ళికూతురూ రాలేదు."

అంతలోనే ఆయన గొంతు తగ్గించాడు.

"ఆ పెళ్ళిలో దూరం నుంచి తీసినవేమైనా ఉన్నాయా? మొహాలు తెలియకపోతే చాలు. బిష్కెక్‌లో చుట్టాలకి చూపించుకోవాలి."