తూర్పు వైపు వదిలిన దారి

నాకు అన్నింటికంటే నిప్పంటే భయం. నా కోసం కాదు, పిల్లల కోసం.

వర్ని నుంచి బోధన్ పోయే దారిలో, కాలువ దాటగానే ఎడమ చేతి వైపు హన్మాండ్లు చెరుకు చేను ఉంది. దాని పడమటి గట్టు మీదే మా కాపురం. కాపురమంటే నేనూ, పిల్లలూ. వాళ్ల తండ్రిని వానలకు ముందు ఎవరో పట్టుకుపోయారు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. అతను తిరిగి రాలేదు.

చదువు కూడా అంతంతే. చిన్నప్పుడు ఊరి బడిలో కొన్నాళ్లు ఉన్నాను. తర్వాత వెళ్లగొట్టారు. నాకు తెలిసిన నాలుగు మాటలూ అక్కడ విన్నవే.

ఈ వారంతో చెరుకు కొట్టడం అయిపోయింది. కొట్టిన కూలీలు మూటలు సర్దుకొని మహారాష్ట్ర బండి ఎక్కారు. నేను పోలేదు. నడక రాని పిల్లల్ని పెట్టుకొని ఎక్కడికి పోతాను?

చేను నిండా మోకాలెత్తు ఎండుటాకు మిగిలింది. దాన్ని ఏం చేస్తారో నాకు తెలుసు. నిరుడు పక్క చేనులో చూశాను. ఆ వాసన ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

నిన్న పొద్దున హన్మాండ్లు అగ్గిపెట్టెతో వచ్చాడు. వెంట మనవరాలు స్నేహలత. నిజామాబాద్‌లో ఐదో తరగతి చదువుతోంది. నేను పొదల వెనక కదలకుండా ఉండిపోయాను.

ఆ పిల్లది ఒకటే ముచ్చట, డ్రాగన్లు. డ్రాగన్‌కు మూలపురుషుడు ఉడుమేనట. అదే చీలిన నాలుక, అవే గోర్లు, అదే తోక. రెక్కలు మాత్రం గబ్బిలాలతో చుట్టరికం వల్ల వచ్చాయట. ఏ కాలంలోనో పెళ్లి కుదిరి ఉంటుందట.

“మరి నిప్పు ఏడికెల్లి అస్తదే?” అన్నాడు తాత.

“కడుపుల గోబర్ గ్యాస్ తయారైతది తాత. పండ్లు కొరికితె అంటుకుంటది.”

“గట్లయితె మీ నాయినమ్మది గూడ గా వంశమే. పొద్దుందాక బీడీ పొగ ఇడుస్తది.”

పిల్ల నవ్వలేదు. ఇప్పటి ఉడుములు నిప్పు ఎందుకు ఊదవో కూడా ఆలోచించి పెట్టుకుంది.

“నేర్పేటోళ్లు లేక మర్చిపోయినయి. తల్లి దగ్గరుంటె యాదికుండేది.”

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది.

హన్మాండ్లు చెడ్డవాడు కాదు. అది చెప్పాలి. ఆకు అంటించేటప్పుడు ఆ ఇంటివాళ్లకు ఒక పద్ధతి ఉంది. మూడు దిక్కులే అంటిస్తారు. తూర్పు వదిలేస్తారు. చేనులో దాగిన పాములు, కుందేళ్లు అటు నుంచి బయటపడాలని.

“ఉరికేటియి ఉరుకుతయి బిడ్డా,” అన్నాడు మనవరాలితో.

“ఉరుకరానియి ఉంటెనో?”

అతను అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీశాడు.

మంట లేచింది. పిల్లల మీద పడుకుందామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పొగ కళ్లలోకి వచ్చింది. వేడి వీపును తాకింది. ఆ తర్వాత నా కాళ్లు నా మాట వినలేదు. అతను వదిలిన తూర్పు దారినే పడి ఉరికాను. కాలువ ఇవతలికి వచ్చాక గానీ తెలియలేదు, ఒక్కదాన్నే వచ్చానని.

రెండుసార్లు తిరిగి పోయాను. నేల ఇంకా కాలుతోంది. సగం దూరం పాకి, పొట్ట కాల్చుకొని వెనక్కి వచ్చాను. గట్టు మీద కర్రలు పట్టుకొని మనుషులున్నారు. నన్ను చూస్తే ఊరుకోరు.

అటు నుంచి ఏ చప్పుడూ లేదు. వాళ్లు ఏడవరు. ఏడవడమైనా నేను వాళ్లకు నేర్పలేదు.

మీరెవరైనా బోధన్ పోతుంటే, కాలువ దాటాక బండి ఆపి, ఆ పడమటి గట్టు మీది చెదల పుట్టలో ఒక్కసారి చూడండి, ఉడుము గుడ్లు పద్నాలుగు ఉండాలి, అన్నీ నా పిల్లలే.