గాజు తలుపు అవతల

గిటారు మీద మొదటిసారి సి కార్డు పట్టుకోబోతూ ఆమె తలెత్తితే, గాజు తలుపుకు ముఖం ఆనించి ఒక ముసలాయన కనిపించాడు.

నోరు ఒక పక్కకి వంకరపోయింది. ఒక కన్ను ఆర్పడం లేదు.

“మాస్టారూ, బయట ఎవరో ఉన్నారు.”

గిటారు మాస్టారు తల కూడా తిప్పలేదు. “పక్కన క్లినిక్‌కి సవాలక్ష మంది వస్తుంటారు. నువ్వు తీగలు చూడు, తలుపు కాదు.”

ఆమెది ఎడమచేతి వాటం. సెలూన్‌లో జుట్టు కత్తిరించేదీ ఎడమ చేత్తోనే. ఆమె ఉండేది అక్క ఇంట్లో. బావ అయితే ‘పుర్రచెయ్యి’ అని తప్ప పిలవడు.

గిటారు కొన్నాక తీగలన్నీ విప్పి, అటువి ఇటు బిగించాల్సి వచ్చింది. అందరూ ఎడమచేత్తో నొక్కే తీగలు ఆమె కుడిచేత్తో నొక్కాలి. పుస్తకంలో బొమ్మలన్నీ ఆమెకు తిరగబడే కనిపించేవి. మాస్టారు ఎదురుగా కూర్చుంటే మాత్రం అద్దంలో చూసుకున్నట్టు సుఖంగా ఉండేది.

చిక్కల్లా ఆ కుడిచేతితోనే. చిన్నతనంలో నాన్న బైండింగ్ షాపులో కాగితాలు కోసే కత్తి కింద మూడు వేళ్లు పెట్టేసింది. తెగినవి అతికాయి గానీ ఉంగరపు వేలు ఇప్పటికీ మొండికేస్తుంది.

“కుడిచేతి వాటంగానే నేర్చుకోరాదూ? ఆ వేళ్లతో కార్డులు పట్టడం కత్తి మీద సామే” అన్నాడు మాస్టారు చేరిన రోజునే.

“వాటం మార్చుకోమంటే మొహం మార్చుకోమన్నట్టే మాస్టారూ.”

ఆ తర్వాత ఆమె క్లాసుకు వచ్చిన ప్రతిసారీ ముసలాయన వరండా బెంచీ మీద ఉండేవాడు.

మిగతా వాళ్లు ఎంత బాగా వాయించినా చూసేవాడు కాదు. ఆమె ముఖం కూడా చూసేవాడు కాదు. ఆమె కుడిచేతినే చూసేవాడు.

ఉంగరపు వేలు తీగ మీంచి జారినప్పుడల్లా, గాజుకు అవతల అతని వేలు కూడా కదిలేది.



ఒక సాయంత్రం మెట్ల మలుపులో దారికి అడ్డంగా నిలబడ్డాడు. చేతికర్ర ఎత్తి ఆమె చేతిని చూపించాడు.

“వే... వేళ్లు” అన్నాడు. మాట ముద్దముద్దగా ఉంది. “నా... నావి.”

ఆమె గోడ వారగా తప్పించుకుని, వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

ఇంట్లో చెబితే బావ ముందు నవ్వాడు. “మా పుర్రచేతికి అప్పుడే అభిమానులా?”

ఆ ముసలాయన అన్న మాట విన్నాక నవ్వు ఆపేశాడు.

“వేళ్లు తనవన్నాడా? వాడి సంగతి నేను చూస్తా. మళ్లీ క్లాసుకు నీతో నేనూ వస్తా.”

అన్నట్టే వచ్చి కింద వీధిలో నిలబడ్డాడు.

ఆమె మెట్లు దిగుతుంటే ముసలాయన ఆ మలుపులోనే ఉన్నాడు.  ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు.

చల్లటి చెయ్యి. పట్టు మాత్రం గట్టిది.

బెండకాయ ముదురో లేతో చూసేవాడిలా వేలి కణుపులు ఒక్కొక్కటే నొక్కాడు. ఉంగరపు వేలిని నొప్పి పుట్టేదాకా వంచాడు. బొటనవేలిని బలంగా కిందికి తోశాడు.

“వదలవయ్యా.” బావ పరుగున మెట్లెక్కి అతని ఛాతీ మీద ఒక్క తోపు తోశాడు.

ముసలాయన మెట్ల మీద దొర్లి కింద పడ్డాడు. చేతికర్ర వీధిలోకి పోయింది.

“వయసుకు తగిన పనేనా ఇది?”

అతను బావ వంక చూడలేదు. నేల మీద పడి ఉండే, తన చెయ్యి పైకెత్తి, బొటనవేలు కిందికి దించి ఆమెకు చూపించాడు. మళ్లీ దించి చూపించాడు.

“పిచ్చివాడు. పద.”

వీధి చివర ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది. అతను ఇంకా లేవలేదు.

తర్వాత బెంచీ ఖాళీ.

“పీడ విరగడైంది” అంది అక్క.

ఆమె కూడా అలాగే అనుకుంది. తలుపు వంక చూడటం మానేసింది. అలా ఒకరోజు పరధ్యానంగా బొటనవేలు గిటారు మెడ వెనక కిందికి దించి పట్టుకుంది. ఉంగరపు వేలు, అంతవరకూ అందని తీగ మీద నిలబడింది. సి కార్డు గరగర లేకుండా నిండుగా మోగింది.

మాస్టారు కళ్లు పెద్దవయ్యాయి. “ఇది నేను చెప్పలేదే. ఎవరు చూపించారు?”

“ఎవరూ చూపించలేదు మాస్టారూ.”

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఆమెకు మళ్లీ వాయించాలనిపించలేదు. గిటారు భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

క్లినిక్ గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆమెను, ఆమె భుజాన ఉన్న గిటారును మార్చి మార్చి చూసింది.

“ఎడమచేత్తో వాయించే అమ్మాయివి నువ్వేనా తల్లీ? మా ఆయన ఇంటికొచ్చి గాల్లో నీలాగే వాయించి చూపించేవారు. పక్షవాతం వచ్చి మాట పోయింది కదా, ఏదో చెప్పాలని తెగ అవస్థ పడేవారు.”



“ఆయన... ఇప్పుడెలా ఉన్నారండీ?”

“ఇక్కడే మెట్ల మీద పడ్డారు. తుంటి విరిగింది, మళ్లీ మంచం దిగలేదు. ఎలా పడ్డారో చెప్పలేకపోయారు. పోయి నెల కూడా కాలేదు. ఆయనకు వైద్యం చేసిన ఇక్కడి వాళ్లకు ఒక మాట చెప్పి పోదామని వచ్చాను.”

పెద్దావిడ ఆమె కుడిచేతిని మెల్లగా అందుకుంది. వేళ్ల మొదట్లో ఉన్న తెల్లటి గీతను బొటనవేలితో తడిమింది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. “ఆయన ఏం చేసేవారండీ?”

“తెగిన వేళ్లు అతికించే డాక్టరు తల్లీ” అంది పెద్దావిడ, “మాట పడిపోయినా, తను కుట్టిన చెయ్యి కనబడితే ఎన్నేళ్లకైనా పోల్చుకునేవారు.”