మూడుసార్ల సరుకు

కొత్త ర్యామ్ బిగించి స్విచ్ వేయగానే కంప్యూటర్ బుర్రుమంది. అంతే. ఆ తర్వాత మూగనోము పట్టింది.

"ఏమైందే రామ్‌దాసూ?" అన్నాడు ఆత్మారాం.

మెకానిక్ రామ్‌దాస్ తెర మీది ఇంగ్లీషును కూడబలుక్కున్నాడు. "మీ సాఫ్ట్‌వేర్‌కు మూడు యాక్టివేషన్లే ఉండెనట అన్నా. మూడూ అయిపోయినయట. ఇగ నడవదట. కంపెనీకి ఫోన్ చెయ్యమంటున్నది."

 బోధన్ రాకాసిపేటలో ఆత్మారాం ఇంటి ముందుగదే అతని ఆఫీసు. హైదరాబాద్ నుంచి ఒక సంస్థ డాక్టర్ల గొంతులు పంపుతుంది. ఫలానా రోగికి ఫలానా జబ్బు, ఫలానా మందు అని డాక్టర్లు నోటితో చెప్పిన రిపోర్టులు. హెడ్‌ఫోన్ తగిలించుకుని, వింటూ ఇంగ్లీషులో టైపు చేసి పంపడం అతని పని. రెండేళ్లలో అతని పనికి ఎవరూ వంక పెట్టలేదు. ఇవాళ నాలుగింటిలోపు పన్నెండు రిపోర్టులు వెళ్లాలి. వెళ్లకపోతే ఆ పని వరంగల్‌లో కూర్చున్న ఇంకెవరికో పోతుంది. పోయిన పని మళ్లీ రాదు.

ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే అతనికి పని సాగదు. అందుకే ముప్పై వేలు పోసి కొన్నాడు. అవి తల్లి లింగవ్వ ఏళ్ల తరబడి బీడీలు చుట్టి కూడబెట్టినవి. అప్పుడే రామ్‌దాస్ నెత్తి కొట్టుకున్నాడు.

"గన్ని పైసలెందుకన్నా? నిజామాబాద్‌ల యాభై రూపాలకు సీడీ దొరుకుతది."

"ఒకడు కష్టపడి చేసినదాన్ని దొంగతనంగ వాడుడు మనకొద్దు తమ్మీ," అన్నాడు ఆత్మారాం.

ఆ మంచితనానికి కంపెనీవారు ఇచ్చుకున్న ఇనాము మూడు యాక్టివేషన్లు, అంటే మూడుసార్లు మాత్రమే కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే వీలు. ఒకటి కొన్ననాడే ఖర్చయింది. రెండోది, వోల్టేజీ ఎగిరి హార్డ్‌డిస్కు మాడినప్పుడు. మూడోది, వైరస్ పట్టిందని రామ్‌దాస్ మొత్తం తుడిచేసినప్పుడు. ఇవాళ అరచేతిలో సగం లేని ర్యామ్ ముక్క మార్చేసరికి, ఆ మహా తెలివైన సాఫ్ట్‌వేర్ ఇది వేరే కంప్యూటర్ అనుకుంది. యాభై రూపాయల సీడీగాళ్లను మాత్రం అది ఏ లెక్కా అడగదు. అడిగేదల్లా కొన్నవాణ్ణే.

రామ్‌దాస్‌కు చందూర్‌లో ఇంకో రిపేరు ఉంది. బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

లింగవ్వ చేట ముందు కూర్చుని, చేయి ఆపకుండానే అంతా విన్నది.

"పైసలిచ్చి కొన్నదే గద కొడుకా?"

"కొన్నదేనవ్వా."

"మరి మూడుమాట్లే అనుడేంది? చెప్పులమ్మినోడు మూడుమాట్లు తొడిగినంక ఇంటికొచ్చి గుంజుకపోతడా?"

ఆత్మారాం బెంగుళూరుకు ఫోన్ కలిపాడు. కంపెనీ పావుగంట సేపు సంగీతం వినిపించింది. మధ్యమధ్య ఒక గొంతు, మీ కాల్ మాకు ఎంతో విలువైనదని చెప్పింది. ఎంత విలువైనదో ఎస్టీడీ బిల్లు వచ్చాక తెలుస్తుంది.

చివరికి ఒక అమ్మాయి పలికింది. "ముందు బిల్లు ఫ్యాక్స్ చేయండి సార్. మీది దొంగ కాపీ కాదని తేలాలి కదా."

దొంగ కాపీవాడు కంపెనీకి ఫోన్ చేసి పావుగంట సంగీతం వింటాడా తల్లీ, అనబోయి నాలుక కరుచుకున్నాడు. అవసరం తనది.

తల్లిని వెంటబెట్టుకుని ఆటోలో బస్టాండ్ దాకా పోయి ఫ్యాక్స్ చేయించాడు. తిరిగొచ్చేసరికి రెండున్నర దాటింది. లింగవ్వ బీడీ కట్టలు మూటగట్టుకుని కార్ఖానాకు పోయింది.

మళ్లీ ఫోన్. మళ్లీ అదే సంగీతం. ఈసారి వేరే అమ్మాయి. కథంతా మొదటి నుంచి చెప్పుకొచ్చాడు.

"ఫ్యాక్స్ అందింది సార్. రూల్ ప్రకారం నాలుగోసారి ఇవ్వకూడదు. కానీ మా మేనేజర్ గారు దయతలచి ఒప్పుకున్నారు."

కొన్న సరుకు వాడుకోవడానికి కూడా ఒకరి దయ కావలసి వచ్చింది. "మీ మేలు మర్చిపోను మేడమ్," అన్నాడు ఆత్మారాం.

"ఎంటర్ నొక్కండి సార్."

నొక్కాడు.

"ఇప్పుడు తెర మీద ముప్పై రెండు అంకెల నంబరు వచ్చి ఉంటుంది. అది చదవండి. నేను మీకు ఇంకో నంబరు చెప్తాను. అది కొడితే అయిపోయినట్టే."

ఆత్మారాం గడప వైపు తిరిగి చెవి రిక్కించాడు.

"వేరే తొవ్వ లేదా మేడమ్?"

"లేదు సార్. అయిదు నిమిషాల్లో చదవాలి. తర్వాత ఆ నంబరు చెల్లదు."

"జర ఆగుండ్రి," అని రిసీవర్ పక్కన పెట్టి గడప దాకా పోయాడు. పక్కింటి దశరథాన్ని కేకేశాడు. పలకలేదు. ఎదురింటి ఈరవ్వను పిలిచాడు. ఆమె కూడా కార్ఖానాకే పోయినట్టుంది. తిరిగి వచ్చి రిసీవర్ అందుకున్నాడు.

"హలో సార్! పెద్ద పెద్ద ఎర్ర అంకెలు. చిన్నపిల్లలైనా చదువుతారు. మీకు చదవడం రాదా ఏంటి?"

ఆత్మారాంకు కోపం రావాలి. నవ్వొచ్చింది.

"మేడమ్, మీ కంపెనీ ఏం అమ్ముతదో మీకెరుకేనా?"

"సాఫ్ట్‌వేర్ సార్," అంది ఆ అమ్మాయి విసుగ్గా. టైమ్ అయిపోయిందని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నాలుగింటికి ఆ పన్నెండు రిపోర్టుల పనీ వరంగల్ మనిషికి పోయింది.

ఆ కంపెనీ అమ్మేది ఒక్కటే సరుకు: ఆత్మారాం లాంటి పుట్టుగుడ్డివాళ్లకు కంప్యూటర్ తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్.