పిట్ట నడక

తన మోకాలి జబ్బు కూతురికి కూడా వచ్చేస్తుందేమోనన్నదే ఆమెకున్న అన్నిటికన్నా పెద్ద భయం. ఆ పొద్దున ఆ భయం కళ్ళెదుటే నడిచి వచ్చింది.

అప్పుడామె మంచం మీద కాళ్ళు చాపుకుని, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కుతోంది. కీలు అరిగిందని, అలాగని కూర్చుండిపోతే ఇంకా బిగుసుకుపోతుందని, నడవాలని, పని మానొద్దని, ఈ కసరత్తు రోజూ చెయ్యాలని ఎముకల డాక్టరమ్మ చెప్పింది. అత్తగారు గుమ్మానికి ఆనుకుని నిలబడి లెక్కపెడుతోంది.

"దొంగ లెక్కలొద్దు. అది సరిగ్గా నొక్కలేదు. మళ్ళీ."

"నొక్కాను కదత్తయ్యా."

"పాదం నీ వైపుకి లాక్కో. అప్పుడు తొడ బిగుస్తుంది."

"మీకెలా తెలుసు?"

"రోజూ చూస్తున్నాగా నీ సర్కసు."

అంతలో వంటింట్లోంచి పిట్ట వచ్చింది. మూడేళ్ళ పిల్ల. పేరు వేరే ఉంది గాని, నోరు మూతపడదని అందరూ పిట్ట అనే అంటారు. ఆ పిట్ట ఇప్పుడేమీ మాట్లాడలేదు. అటు చూసింది, ఇటు చూసింది. గోడకి చెయ్యి ఆనించి, ఒక కాలు ఈడ్చుకుంటూ కిటికీ దాకా కుంటింది.

అత్తగారి లెక్క ఆగిపోయింది.

ఆమెకి ఏడుపు వస్తుందనిపించింది. రాలేదు. తీగ పీకేసిన ఇస్త్రీపెట్టెలా లోపలంతా చల్లబడిపోయింది. లేచి, పిల్లకి చెప్పులు తొడిగింది.

"ఎక్కడికి?" అంది అత్తగారు.

"డాక్టరమ్మ దగ్గరికి."

"దీనికా? కోతి వేషాలేస్తోంది. నువ్వు పనికి పో, నేను చూసుకుంటాలే."

"ఒకసారి చూపిస్తానత్తయ్యా."

తను పనిచేసే లాండ్రీకి ఫోన్ చేసి, ఇవాళ ఆలస్యమవుతుందని చెప్పింది. "రా తల్లీ, దుప్పట్లెక్కడికీ పారిపోవులే," అన్నాడు సూపర్‌వైజరు. ఆమె నవ్వలేదు. నవ్వాలన్న సంగతి ఫోన్ పెట్టేశాక తోచింది.

"మీరు దిగుతూ ఉండండి, తాళం వేసి వస్తా," అంది అత్తగారు. ఆ తాళం వెయ్యడానికి చాలాసేపే పట్టింది. దారిలో కొట్టు కొట్టుకీ ఆగింది. బట్టల కొట్టంటే సరే, తాళాలూ మేకులూ అమ్మే కొట్టు ముందు కూడా నిలబడిపోయింది.

"మేకులేం చేసుకుంటారత్తయ్యా, పదండి."

"చూస్తే డబ్బులడుగుతాడా ఏంటి?"

పిట్ట మాత్రం ఆ దారంతా గెంతుతూనే నడిచింది. ఆమె అది చూసింది. చూసినా లోపలికి ఏమీ ఎక్కలేదు. ఆ కాలు ఎప్పుడు ఈడుస్తుందా అనే చూస్తోంది.

ఆసుపత్రి వరండాలో కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"మీరిక్కడ కూర్చోండి, మేం చూపించుకుని వస్తాం."

"పర్లేదు, నిలబడతాలే. కూర్చుంటే నిద్రొస్తుంది."

లోపల డాక్టరమ్మ పిట్టని బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్ళు వంచింది, తుంటి దగ్గర తిప్పింది, పాదాలు నొక్కింది. కిందికి దించి, పెన్ను మూత విసిరి తెమ్మంది. పిట్ట పరిగెత్తి తెచ్చింది. మళ్ళీ విసరమని పేచీ పెట్టింది.

"పిల్లకేం లేదమ్మా. లేడిపిల్ల కాళ్ళు."

"మరి పొద్దున కుంటింది కదండీ?"

"ఏదీ, పిట్టా, పొద్దున ఎలా నడిచావో చూపించు."

పిట్ట అటు చూసింది, ఇటు చూసింది. గోడకి చెయ్యి ఆనించింది. కుంటింది. డాక్టరమ్మ తల ఊపింది.

"ఎవరినో చూసి చేస్తోంది. ఈ వయసులో ఏం చూస్తే అదే పట్టేస్తారు."

"అయితే నా నడకే పట్టిందన్నమాట." ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు అంది ఆమె.

"మీరోసారి నడవండి."

ఆమె బరువు చూసే మిషన్ దగ్గర్నుంచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. కాలు కొంచెం ఈడ్చింది. ఎప్పుడూ ఈడ్చేంతే.

"మీరు గోడ పట్టుకోలేదు," అంది డాక్టరమ్మ. "అటూ ఇటూ చూడనూ లేదు. మీ కుంటు మీరు దాచుకోవడం లేదమ్మా. పిల్ల పగలంతా ఎవరి దగ్గరుంటుంది?"

ఆమె పిట్ట ముందు వంగింది.

"పిట్టా, ఎవరమ్మా అలా నడిచేది?"

పిట్ట పెదాల మీద వేలు పెట్టుకుంది. "చెప్పకూడదు. చెప్తే నువ్వు పనికెళ్ళవు."

డాక్టరమ్మ లేచి, తలుపు చప్పుడు కాకుండా కాస్త తెరిచింది.

వరండాలో ఇంకెవరూ లేరు. గుమ్మాలకి ఆనుకుని నిలబడి లెక్కలు చెప్పే మనిషి అటు చూసింది, ఇటు చూసింది. గోడకి చెయ్యి ఆనించింది. ఒక కాలు ఈడ్చుకుంటూ, అచ్చం పిట్టలాగే, ఖాళీ కుర్చీలు దాటుకుంటూ మంచినీళ్ళ కుండ దగ్గరికి నడిచింది.

మీ ఇంట్లో కూడా కుర్చీ చూపిస్తే "పర్లేదు, నిలబడతాలే" అనే మనిషి ఉంటే, ఇది పక్కన పెట్టి ఒకసారి వెళ్ళి చూసి రండి. వెళ్ళేటప్పుడు మాత్రం అడుగుల చప్పుడు వినబడనీయకండి.