బొమ్మ వచ్చిందా?

ముందు కూర్చున్న పెద్దాయన తల అడ్డొస్తోందని వెనక నుంచి గోల మొదలైంది.

హాల్లో ఆ రోజు 'పాత ఆదివారం'. అరవై దాటిన అమ్మ ముచ్చట తీర్చాలని కూతురు ఏర్పాటు చేసింది. నేల మీద చాపలు, మూలన క్యారమ్స్, బల్ల మీద నలుపు తెలుపు టీవీ. మేడ మీద పాత యాంటెన్నా కూడా బిగించింది. దానికి వైరూ లేదు, పాడూ లేదు. ఉత్త షోకు. బొమ్మ వచ్చేది వీడియో క్యాసెట్‌లోంచి.

గుమ్మం ముందు బోర్డు చూసి వీధి వీధంతా వచ్చింది. ఈ పెద్దాయన మాత్రం ఎవరికీ తెలీదు. తిన్నగా వెళ్ళి టీవీకి మూరెడు దూరంలో మఠం వేసుకున్నాడు.

"తాతగారూ, కాస్త పక్కకి జరగండి," అంది కూతురు.

జరిగాడు. జానెడు.

అప్పట్లో వీధుల్ని ఖాళీ చేయించిన సీరియల్ అది. చివరి భాగం.

"ఈ గళ్ళ చొక్కా అబ్బాయేనా తమ్ముడు?"

"అవునండీ."

"లావుగా ఉంటాడనుకున్నా. గొంతు అలా ఉండేది."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇంతకీ పారిపోయిన అన్న తిరిగొస్తాడా అమ్మా?"

"ఇది చూడనివాళ్ళు కూడా ఉన్నారా తాతగారూ?"

"వినడమే గాని చూడ్డం పడలేదు. ఆఖరి రోజు ఒకటే గాలి, వినపడనూ లేదు. ఎప్పటికైనా ఆ ముక్క చూడాలని..."

"అయితే నోరు మూసుకుని చూడండి మరి!" కూతురు నోరు జారింది.

పెద్దాయన బుద్ధిగా పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

తెర మీద తలుపు చప్పుడైంది. సరిగ్గా అప్పుడే టేపు మొరాయించింది. అంతా చుక్కలు. బొమ్మ పైకీ కిందికీ ఒకటే ఉరకలు.

"అయ్యయ్యో!"

పెద్దాయన చటుక్కున లేచాడు. ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

'అలిగారు పాపం,' అనుకుంది కూతురు. ఆమె ప్రాణం చివుక్కుమంది. కానీ హాలంతా గోల. క్యాసెట్ తీసి, దుమ్ము ఊది, మళ్ళీ పెట్టింది.

బొమ్మ నిలబడింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అన్న. తమ్ముడు భోరుమన్నాడు. చాపల మీద వాళ్ళూ ముక్కులు చీదుకున్నారు. 'సమాప్తం' అని పడింది.

అప్పుడు మేడ మీంచి ఒక కేక.

"బొమ్మ వచ్చిందా?"

అందరూ పైకప్పు వంక చూశారు. వెనక గోడకి చేరగిలబడ్డ అమ్మ మాత్రం పదేళ్ళ పిల్లలా గొంతు చించుకుంది.

"వచ్చింది! వచ్చింది! కదలకు బాబాయ్!"

అరిచేసి, తన నోరు తనే మూసుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎవరమ్మా ఆయన?"

"ముందు టేపు వెనక్కి తిప్పవే!" అంటూ అమ్మ మెట్లవైపు ఉరికింది. "ఆ ముఖం మేమెప్పుడూ సరిగా చూడనే లేదు. ఎదురుగా కూర్చున్నా పోల్చుకోలేకపోయాను. మేమంతా కింద కూర్చుని బొమ్మ చూసిన ఆదివారాలన్నీ, పైన యాంటెన్నా పట్టుకుని నిలబడింది ఆయనేనే!"