పెసలాయన మాట

లేవి తన్నిన తన్నుకు గంప బోర్లా పడింది.

మొలకెత్తిన పెసలు కాలువ కట్ట మీద చెల్లాచెదురయ్యాయి. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు తొక్కకుండా పక్కకు జరిగి నిలబడ్డారు.

పెసలమ్మే గిడ్డయ్య కూర్చున్నచోటనే తలెత్తి చూశాడు.

"ఏమప్పా, నేనేం చేసినా నిన్ను?"

"కృపమణి మొగుణ్ణి. గుర్తుండాదా ఆ పేరు?"

గిడ్డయ్య ముఖం మారింది.

"ఆయమ్మ ఎట్లుండాది? శానా దినాలాయె కనపడి."

"పోయి ఏడు నెల్లాయె. నువ్వు మేపిన పచ్చి మేత తినే పోయింది."

గిడ్డయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఈ మాట అనడానికే లేవి ఏడు నెలలుగా కర్నూలులో మొలకలమ్మే ప్రతివాడినీ నిలదీశాడు. అందరూ నేను కాదన్నవాళ్లే. ఈ పొద్దు కల్లూరు దగ్గర కట్ట మీద, ఇడ్లీలమ్మే సోమక్క "పెసలాయనా, ఇన్ని నీళ్లియ్యి" అని పిలిచింది. కృపమణి నోట విన్న ఆ పిలుపుకు లేవి కాలు ఆగిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్లు లేవి నిద్ర లేచింది జొన్నరొట్టె తట్టే చప్పుడుకే. బస్సు డిపోలో మెకానిక్కుగా ఏ వేళకు పనికి పోవాల్సి వచ్చినా, అంతకు ముందే ఆ చప్పుడు ఇంట్లో వినిపించేది. కృపమణి కడుపులో గడ్డ ఉందని తేలిన వారానికి ఆ చప్పుడు ఆగిపోయింది.

పొయ్యి ముట్టించనంది. ఆపరేషన్ వద్దంది.

"వండితే ఎంజైములు సచ్చిపోతాయంట. పచ్చివి తింటే ఒంట్లో పులుపు ఇరిగి, గడ్డ దానంతటదే కరుగుతాదంట."

"ఎవరు చెప్పిరి?"

"చెప్పేవాళ్లు చెప్పిరి."

లేవికి రోషం వచ్చింది. "నీ ఇష్టం. మేక తిన్నట్ల తిను" అన్నాడు. ఆ పొద్దు నుంచి హోటల్లో తిన్నాడు. ఇంట్లో మాటలు తగ్గించాడు.

పచ్చివి వాళ్లకు కొత్తవా? పెళ్లయిన కొత్తలో కోయిలకుంట్ల నల్లరేగడిలో, శెనగ చేని గట్టు మీద కూర్చుని ఇద్దరూ పచ్చి శెనగలు ఒలుచుకుని తిన్నారు. ఆకు పులుపు వేళ్లకంటితే ఆమె నాకి, ముఖం వికారంగా పెట్టి నవ్వేది. "ఇంగో రెండు పీకు" అనేది. ఎవరి చేనో కూడా తెలియదు. అప్పుడది తిండి. ఎవరూ దానికి మందని పేరు పెట్టలేదు.

"సచ్చేముందు గూడా నిన్నే తల్చుకునింది," అన్నాడు లేవి. "'పెసలాయన మాట వినింటి' అనింది. అదే ఆఖరు మాట. మొగుని పేరు కాదు, యేసయ్య పేరు కాదు. నీ మాట వినే పోయింది. ఒప్పుకో!"

గిడ్డయ్య ఒళ్లోని తువ్వాలు పక్కన పెట్టాడు.

"వినింటి అనిందా అప్పా, వినింటే అనిందా?"

"ఊపిరాడని మనిషి! ఏదంటే ఏముండాది?"

గిడ్డయ్య ఏదో చెప్పబోయాడు. లేవి గడ్డం అదురుతోంది. అది చూసి నోరు మూసుకున్నాడు.

"నిజమేలేప్పా," అన్నాడు మెల్లగా. "నా మాట వినే పోయింది. తప్పు నాదే."

"ఇంగ ఈ కట్ట మీద కనపడితే కాళ్లిరగ్గొడతా!"

"కనపడన్లే."

గిడ్డయ్య ఖాళీ గంప చంకన పెట్టుకుని రోడ్డెక్కాడు. వచ్చిన షేర్ ఆటోను ఆపి, వెనక వేలాడుతూ వెళ్లిపోయాడు.

లేవికి ఏడు నెలల్లో మొదటిసారి ఆకలైంది.

"నాలుగు ఇడ్లీ పెట్టమ్మా."

సోమక్క గిన్నె మీద మూత పెట్టింది.

"నీకు పెట్టను. పో."

"నీకేం నొప్పి?"

"ఆయప్ప అబద్ధం చెప్పినాడు. నువ్వు నమ్మినావు. అదీ నొప్పి."

"ఏం అబద్ధం?"

"నీ పెండ్లాము దినామూ వచ్చి పెసలడుగుతాండె. ఆయప్ప ఇస్తేనా! 'ఇయి బాగుండే కడుపుకమ్మా, గడ్డకు కాదు. ముందు ఆపరేషన్ చేపిచ్చుకో' అని బతిమాలుతాండె. ఆయమ్మ యాడ ఇన్యా? ఇంట్లోనే నానేసుకుంటా పో అని పోతాండె."

"మరి ఈ పచ్చి తిండి నేర్పింది ఎవరు?"

"ఫోన్లో ఎవరో తెల్లగుడ్డలాయన. నాకు గూడా చూపిచ్చె."

లేవి చెయ్యి ఇడ్లీ బండి అంచును పట్టుకుంది.

"'వినింటి' కాదన్నా," అంది సోమక్క. ఈసారి గొంతులో కోపం లేదు. "'వినింటే' అనింటాది. వినింటే బతికేదాన్నని."

లేవి రోడ్డు మీదికి పరుగెత్తాడు. కనపడిన ప్రతి ఆటోలోకీ తొంగి చూశాడు. గంప లేదు.

మరుసటి రోజూ వచ్చాడు. ఆ మరుసటి రోజూ. పెసలాయన కూర్చునే చోట ఎవరూ లేరు.

"యాడుంటాడు?"

"కమలాపురం దిక్కు నుంచి వచ్చినోడు. అంతకు మించి తెలీదు."

"నిజం చెప్పి నన్ను కొట్టింటే పోయేది గదా! ఎందుకు మీదేసుకున్యాడు?"

"నువ్వు మోయలేవని."

ఇంకో మాట కూడా చెప్పింది సోమక్క. అది విని లేవి కట్ట మీదే కూలబడ్డాడు.

కృపమణి పేరున చీటీ రాయించుకుని, ఆపరేషన్ భయం తీరి వస్తుందేమోనని మూడు రోజులు పెద్దాసుపత్రి వరుసలో ఆమె కోసం నిలబడింది, ఆమెకు ఏమీ కాని ఆ పెసలాయన ఒక్కడే.